తోటే బడిగా ఎదిగిన బియాట్రిక్స్ ఫారండ్

బియాట్రిక్స్ ఫారండ్ 1872లో న్యూయార్క్‌లో జన్మించారు. నవలా రచయిత్రి ఈడిత్ వార్టన్ ఆమెకు మేనత్త. ఉద్యానవన రూపకల్పనకు అమెరికాలో కళాశాలలు లేని రోజులవి. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ వృక్షోద్యానంలో ఛార్లెస్ సార్జెంట్ వద్ద శిష్యరికం చేసి ఆ విద్య నేర్చుకున్నారు. 1899లో అమెరికా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘాన్ని స్థాపించిన 11 మందిలో మహిళ ఆమె ఒక్కరే.

వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ తోట ఆమె రూపొందించినదే. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆవరణకు దాదాపు మూడు దశాబ్దాలు సేవలందించారు. విద్యార్థులు ఉండే నెలల్లోనే కళకళలాడే మొక్కలను ఏరి నాటించారు.

మెయిన్ రాష్ట్రంలోని సొంత తోట రీఫ్ పాయింట్‌ను విద్యాకేంద్రంగా మలచాలని ఆశించారు. తన తర్వాత దాన్ని కాపాడేవారుండరని తేలాక, 1955లో తానే దాన్ని విడదీయించారు. గ్రంథాలు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేరాయి. 1959లో ఆమె కన్నుమూశారు. ఆ తోట మొక్కలు మాత్రం దగ్గర్లోని ఆస్టికూ తోటలో వేళ్లూనుకున్నాయి.