ఒళ్లో గిటార్‌తో దేశాలు తిరిగిన జోసెఫ్ కెకుకు

మన మిషిగన్‌లో ఎస్టేట్ సేల్స్‌కి వెళ్లేవాళ్లకి అప్పుడప్పుడు ఒక వింత గిటార్ కనిపిస్తుంది. మెడ వెనకవైపు గుండ్రంగా కాకుండా నలుచదరంగా ఉంటుంది. తీగలు బాగా ఎత్తులో ఉంటాయి, వేలితో నొక్కినా కిందికి ఆనవు. పాడైపోయిందనుకుని చాలామంది పక్కన పెట్టేస్తారు. నిజానికి అది ల్యాప్ స్టీల్. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చుతూ వాయిస్తారు. మనవాళ్లు హవాయియన్ గిటార్ అనేది దీన్నే. రేడియోలో పాత సినిమా పాటల బాణీలు ఈ వాద్యం మీద విన్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు.

ఈ పద్ధతికి ఆద్యుడు జోసెఫ్ కెకుకు. 1874 డిసెంబర్‌లో హవాయిలోని ఒవాహు దీవిలో, లాయియే అనే ఊళ్లో పుట్టాడు. అప్పటికి హవాయి అమెరికాలో భాగం కాదు, రాజుల ఏలుబడిలో ఉన్న వేరే దేశం. పదకొండేళ్ల వయసులో రైలు పట్టాల పక్కన దొరికిన ఒక బోల్టు గిటార్ తీగల మీద జారితే వచ్చిన ధ్వని అతన్ని పట్టేసిందని చెబుతారు. తర్వాత చాకు వీపుతో, దువ్వెనతో ప్రయత్నించాడు. హొనొలులులోని కమేహమేహా బాలుర పాఠశాలలో చేరాక, అక్కడి వర్క్‌షాప్‌లో తనకు కావలసిన ఉక్కు కడ్డీ తానే చేసుకున్నాడు.

ఇందులో సైన్స్ తేలికే. తీగ పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. మామూలు గిటార్‌లో ఫ్రెట్లు ఆ పొడవును మెట్లుమెట్లుగా కత్తిరిస్తాయి. కడ్డీ జారితే మెట్లు ఉండవు, మన గమకంలా స్వరం ఒకచోటి నుంచి ఇంకోచోటికి సాగుతుంది. కడ్డీ ఫ్రెట్లకు తగలకూడదు కాబట్టే తీగలను అంత ఎత్తున కడతారు.

ఇది విన్నప్పుడు మనకు గోటువాద్యం గుర్తుకు రావడం సహజం. పైగా భారతదేశంలో పుట్టి హొనొలులు చేరిన గాబ్రియేల్ డేవియన్ అనే యువకుడు 1880లలోనే అక్కడ గిటార్ తీగల మీద వస్తువు జార్చి వాయించేవాడని ఒక కథనం ఉంది. దాన్ని పట్టుకుని ఇది మనదే అనేయడం మాత్రం న్యాయం కాదు. జార్చడం అనే ఆలోచన చాలాచోట్ల పుట్టి ఉండవచ్చు. దానికి తగిన కడ్డీ తయారుచేసి, ఏళ్ల తరబడి సాధన చేసి, ఒక పద్ధతిగా నిలబెట్టి, నలుగురికీ నేర్పినవాడు కెకుకు.

1904లో, ముప్పై ఏళ్లు నిండకముందే అతను అమెరికా ప్రధాన భూభాగానికి వచ్చాడు. ఊరూరా కచేరీలు చేశాడు, పాఠాలు చెప్పాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన తర్వాత దేశమంతా హవాయి సంగీతం మోజులో పడింది. 1919లో ఒక నాటక బృందంతో ఐరోపా వెళ్లి సుమారు ఎనిమిదేళ్లు తిరిగాడు. తిరిగొచ్చాక షికాగోలో గిటార్ నేర్పుతూ, చివరికి న్యూజెర్సీలోని డోవర్‌లో స్థిరపడ్డాడు. 1932 జనవరిలో మెదడులో రక్తస్రావంతో చనిపోయాడు. వయసు 57. సమాధి కూడా డోవర్‌లోనే ఉంది. 1904లో వదిలిన హవాయికి మళ్లీ వెళ్లలేదు. రెండేళ్లకోసారి టికెట్లు కొనుక్కుని ఊరెళ్లి వచ్చే మనకు ఆ దూరం ఎంతటిదో ఊహించుకోవడం కూడా కష్టమే.

అతను పోయిన 1932లోనే రికెన్‌బ్యాకర్ సంస్థ పెనం ఆకారంలో ఒక ఎలక్ట్రిక్ గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మార్కెట్లో నిలదొక్కుకున్న తొలి ఎలక్ట్రిక్ గిటార్ అదే, అది కూడా ల్యాప్ స్టీలే. మన పక్కనున్న కలమజూలో గిబ్సన్ కంపెనీ 1935లో మొదటిసారి ఎలక్ట్రిక్ గిటార్ చేసినప్పుడు ఎంచుకున్నదీ ల్యాప్ స్టీల్‌నే. కెకుకు పేరు మాత్రం చాలాకాలం మరుగునే ఉంది. 1993లో గానీ స్టీల్ గిటార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కలేదు.

అందుకే ఇక్కడి పాత సామాన్లలో ఇలాంటి గిటార్ దొరికితే తొందరపడి రంగు వేయించకండి. పాత రంగు, పాత మీటలు పోతే దాని విలువ, గుర్తింపు రెండూ పోతాయి. ముందు పొడిగుడ్డతో తుడిచి, సీరియల్ నంబర్ కోసం చూడండి. ఎలక్ట్రిక్‌దైతే లోపలి వాల్యూమ్ కంట్రోల్ వెనక అంకెలు ఉండవచ్చు. సాధారణంగా మొదటి మూడూ ఆ భాగం చేసిన కంపెనీవి, చివరి రెండూ వారం, మధ్యవి సంవత్సరం. మధ్యలో ఒకే అంకె ఉంటే ఏ దశాబ్దమో వేరే ఆధారాలతో తేల్చుకోవాలి. ఆ భాగం తర్వాత మార్చింది కాకపోతే, గిటార్ ఆ తేదీకన్నా పాతది కాదు. జతగా పాత ఆంప్లిఫయర్ వస్తే, తెలిసిన టెక్నీషియన్ చూసేవరకు ప్లగ్ పెట్టవద్దు, లోపలి కెపాసిటర్లతో షాక్ ప్రమాదం ఉంది. మెడ, చెక్క బాగుంటే కొత్త తీగలు కట్టి, సన్నని ఉక్కు కడ్డీ ఒకటి కొని పిల్లల చేతికివ్వండి. దాని మీద మొదటి స్వరం జారినప్పుడు లాయియే కుర్రవాడి పేరు కూడా వాళ్లకు చెప్పండి.