అల్లసాని పెద్దన – స్వరోచి కథ

ఆత్మకూరు నుండి వాయవ్యముగా సాగి ఉదయగిరి చేరు బాటసారికి ఊరికంటె ముందు కొండ కనబడును. సముద్రమట్టమునకు 3079 అడుగుల యెత్తుగల ఆ కొండ మీది దుర్గము ఒకప్పుడు ఓఢ్ర గజపతుల వశమందుండెను. 1509లో సింహాసనమెక్కిన శ్రీకృష్ణదేవరాయలు తన తూర్పు దండయాత్రకు దీనినే మొదటి గుఱిగా నెంచుకొనెను. 1513లో ముట్టడి మొదలయ్యెను. పైకి పోవు దారి ఇఱుకు. లోపల తిండికిని నీటికిని లోటు లేదు. రాయలు బండలను పగులగొట్టించి సేనలకు బాటలు వేయించెనని పోర్చుగీసు దేశీయుడైన న్యూనిజ్ వ్రాసియున్నాడు. 1514లో దుర్గము లొంగెను; గజపతి బంధువగు తిరుమల రాహుత్తరాయలు పట్టుబడెను. కొండ మీది బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకు గొనిపోయి, కొత్తగా కట్టించిన కోవెలలో 1515లో ప్రతిష్ఠించెను. ఆ కోవెల హంపిలో నేటికిని చూడదగియున్నది. విగ్రహము మాత్రము భిన్నమై చెన్నపట్టణపు ప్రదర్శనశాలకు చేరినది.

ఈ విజయము శాసనములందే గాక తెలుగు కావ్యమందును నిలిచెను. మనుచరిత్ర అవతారికలో కవి రాయల ప్రతాపమును అగ్నిగా రూపించి, ఆ నిప్పు మొట్టమొదట పుట్టిన తావు ఉదయగిరి బండయే యని చెప్పెను. కత్తి ఉక్కు కొండరాతికి తాకగా వేడి పుట్టినదట. అటనుండి అది కొండవీటి కెగబ్రాకి, కటకము దాక సాగెను. ఈ సీమకు కావ్యలోకమున ఇంతటి చోటిచ్చిన ఆ కవియే అల్లసాని పెద్దన.

పెద్దన నందవరీక బ్రాహ్మణుడు, చొక్కనామాత్యుని కుమారుడు. శఠకోపయతి అనుగ్రహమున తనకు చతుర్విధ కవిత్వము లభించినదని తన కావ్యపు గద్యలలో చెప్పుకొనెను. సంస్కృతాంధ్రములు రెండును అతనికి వశములు. రాయల ఆస్థానమగు భువనవిజయమున అతడు అగ్రగణ్యుడు. ఆంధ్రకవితా పితామహుడను బిరుదము ఆ కొలువులోనిదే. సంస్కృతమునను తెలుగునను సమముగా కవిత చెప్పగలవాని కని రాయలు గండపెండేరము తెప్పించి సభలో నుంచగా, పెద్దన లేచి దీర్ఘమైన ఉత్పలమాలిక నొకదానిని ఆశువుగా చెప్పి దానిని గ్రహించెనను ఐతిహ్యము తెలుగునాట తెలియనివారు లేరు.

మార్కండేయ పురాణమునుండి స్వారోచిష మనువు పుట్టుక కథను కావ్యముగా చేయుమని రాయలే కోరెను. కథ తెలుగువారికి కొత్తది కాదు. నెల్లూరి తిక్కన సోమయాజికి శిష్యుడనని చెప్పుకొన్న మారన ఆ పురాణమును సుమారు రెండు నూఱేండ్లకు ముందే తెనిగించియుండెను. మారన క్లుప్తముగా చెప్పిన దానిని పెద్దన ఆఱాశ్వాసముల ప్రబంధముగా పెంచెను. పెంచుట యన వర్ణనలు చేర్చుట మాత్రమే కాదు. పురాణమున పేరుకు మాత్రమే యున్న వ్యక్తులకు అతడు మనసు నిచ్చెను.

ప్రవరుడు సిద్ధు డిచ్చిన పాదలేపముతో హిమాలయమునకు పోవుటయు, మంచుకు లేపము కరగి దారి తప్పుటయు, వరూధిని అతనిని కోరి భంగపడుటయు అందఱికిని తెలిసినదే. ఆ తరువాతి ఘట్టమున ఒక గంధర్వుడు వచ్చును. వరూధిని మున్ను తిరస్కరించినవాడు; తన రూపమున తనకు దొరకని దానిని పరుని రూపమున పొందజూచి ప్రవరుని వేషము తాల్చును. లోకము అతనిని మాయాప్రవరుడని పిలుచును. నిజమునకు ఆ పేరు అతని దురదృష్టమునకు తగిన శిక్ష. వరూధిని కౌగిలి అతనికి దొరికెను గాని ఆ ప్రేమ అతనిది కాలేదు. ఆమె చూచినది ప్రవరుని, తలచినది ప్రవరుని. పురాణమందైతే ఆ గంధర్వుడు ఏకాంతమున ఆమెను కన్నులు మూసికొమ్మని నియమము పెట్టును! కడకు గుట్టు బయటపడునను భయముతో ఏదో నెపము చెప్పి వెడలిపోవును. రూపము మార్చుకొను శక్తిగల దేవయోనికి తన సొంత రూపముతో నిలిచి మాటాడు ధైర్యము మాత్రము లేకపోయెను.

మనుచరిత్ర చదువువారు చాలమంది ఇక్కడనే పుస్తకము మూసివేయుదురు. ప్రవరుని నిష్ఠకును వరూధిని విరహమునకును పెద్దన చేసిన సొగసు అట్టిది. తరువాతి ఆశ్వాసములు కొంత చప్పబడినవను విమర్శయు లేకపోలేదు. కాని కావ్యము పేరు స్వారోచిషమనుసంభవము. ఎరువు రూపమునుండి పుట్టిన బిడ్డ ఏమయ్యెనన్నదే కవి చెప్పబూనిన సంగతి.

ఆ బిడ్డకు స్వరోచి యని పేరు. తన కాంతితో తానే వెలుగువాడని ఆ పేరునకర్థము. తండ్రిది మాఱువేషము, తల్లి తలంపులో నున్నది వేఱొకడు. అట్టివానికి ఈ పేరు పెట్టిన పురాణకర్త ఎంతటి మర్మజ్ఞుడో! స్వరోచి మందరాచల ప్రాంతమున పెరిగి, వేటాడుచు, మనోరమ యను విద్యాధర కన్యను రాక్షసుని బారినుండి కాపాడెను. అస్త్రము తగిలిన రాక్షసుడు ఆమె తండ్రియగు ఇందీవరాక్షుడుగా నిలిచెను. కనబడకుండ పొంచియుండి గురువునొద్ద ఆయుర్వేదము దొంగిలించి నేర్చినందుకు పొందిన శాపమది. ఇతడును మఱుగున మెలగినవాడే. అతడిచ్చిన ఆయుర్వేదముతో స్వరోచి మనోరమ చెలికత్తెలైన విభావరీ కళావతుల వ్యాధులు మాన్పి వారిని సయితము పెండ్లాడెను. విభావరి అతనికి సకలప్రాణుల భాషను నేర్పెను.

ఆ విద్యయే అతనికి అద్దమయ్యెను. ముగ్గురు భార్యలతో భోగముల దేలుచుండగా ఒక హంసి అతని భాగ్యమును మెచ్చుకొనుటయు, చక్రవాకి అది ప్రేమయే కాదని త్రోసిపుచ్చుటయు అతని చెవిని పడెను. మఱొకప్పుడు ఒక లేడి తన్ను చుట్టుముట్టిన ఆడులేళ్ళతో, నేను స్వరోచిని కాను పొండని కసరెను. తన పేరు అడవి మృగముల నడుమ ఎట్టి సామెతయైనదో అతడు అప్పుడు తెలిసికొనెను. మనుష్యులెవ్వరును చెప్పని మాట అది. కడపట ఒక హరిణి తన్ను కౌగిలింపుమని వేడగా, తాకినంతనే అది వనదేవతగా మాఱెను. ఆమెకు పుట్టినవాడే రెండవ మనువు, స్వారోచిషుడు. తండ్రి రూపము మార్చినది మోసగించుటకు; ఇచ్చట రూపము మాఱినది నిజము చూపుటకు. ఈ రెంటి నడుమ స్వరోచిని నిలిపిన తీరులో పెద్దన నేర్పు ప్రవరుని కథలోకంటె తక్కువది కాదు.

కావ్యమును రాయలు కృతినందెను. ఆనాడు కవి యెక్కిన పల్లకిని రాజే స్వయముగా పట్టి యెత్తెనని ప్రతీతి. తాను ఏనుగుపై పోవుచు ఎదురుపడినచో ఆగి, చేయూతనిచ్చి కవిని ఎక్కించుకొనెడివాడట. కోకటము మున్నగు అగ్రహారములను ఇచ్చెను. 1529లో రాయలు కీర్తిశేషుడైన పిమ్మటను పెద్దన బ్రతికియుండెను. ఆ దినములలో అతడు చెప్పినదిగా వాడుకలో నున్న చాటుపద్యమున ఈ గౌరవములన్నియు వరుసగా వచ్చును. ఏనుగు, పల్లకి, అగ్రహారములు, గండపెండేరము ఒక్కొక్కటే తలచుకొని, తన్ను ఆంధ్రకవితా పితామహా యని పిలుచు ఆ ప్రభువుతో కూడ పోలేక, ఊపిరి మాత్రము మిగిలి యున్నానని కవి వాపోయెను.