‘అనార్కలీ’ రాసి మరుగున పడిన కలం: ఇమ్తియాజ్ అలీ తాజ్ జీవితం

‘మొఘల్-ఎ-ఆజమ్’ అనగానే దిలీప్ కుమార్, మధుబాల, పృథ్వీరాజ్ కపూర్ కళ్ల ముందు కదులుతారు. నౌషాద్ సాబ్ పాటలు చెవుల్లో మోగుతాయి. డైరెక్టర్ కె. ఆసిఫ్ పేరు కూడా మన పెద్దవాళ్లకి బాగానే తెలుసు. కానీ ఈ కథకు ఉర్దూ నాటకంగా ప్రాణం పోసిన మనిషి పేరు చెప్పమంటే చాలామంది ఆలోచనలో పడతారు. ఆయన సయ్యద్ ఇమ్తియాజ్ అలీ తాజ్. నాటకం రాసిన 1922 నాటికి ఆయన వయసు 22 ఏళ్లు దాటలేదు.

పత్రికలు పుట్టిన ఇల్లు

తాజ్ 1900 అక్టోబర్‌లో లాహోర్‌లో పుట్టారు. తండ్రి మౌల్వీ సయ్యద్ ముంతాజ్ అలీ దేవ్‌బంద్‌లో చదువుకున్న ఆలిమ్. ఆడవాళ్ల హక్కుల మీద ‘హుకూకె నిస్వాన్’ అనే పుస్తకం రాసి, ఆ రోజుల్లో ఎన్నో మాటలు పడ్డారు. తల్లి ముహమ్మదీ బేగం ఇంకా అరుదైన మనిషి. 1898లో మొదలైన ‘తహజీబె నిస్వాన్’ వారపత్రికకు ఆమే ఎడిటర్. ఉర్దూలో పత్రిక నడిపిన తొలి ముస్లిం మహిళగా ఆమెను గుర్తు చేసుకుంటారు. పర్దాలో ఉంటూనే ఆమె ఆ పని చేశారు. కొడుకు పేరు కలిపి ‘తాజ్ గీత్’, ‘తాజ్ ఫూల్’ అని పిల్లల పుస్తకాలు కూడా రాశారు.

ఆ తల్లి నీడ ఎక్కువ కాలం దక్కలేదు. 1908లో ఆమె ఇంతకాల్ అయ్యేనాటికి తాజ్ వయసు ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాది తండ్రి పిల్లల కోసం ‘ఫూల్’ అనే పత్రిక మొదలుపెట్టారు. ఇంట్లో ప్రెస్సు, పుస్తకాలు, ప్రూఫులు. అలా అచ్చు సిరా వాసన మధ్యే తాజ్ పెరిగారు. లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో చేరాక డ్రామా పిచ్చి పట్టుకుంది.

కొడుకు పెద్దవాడయ్యే కథ

అనార్కలీ కథ తాజ్ కల్పించింది కాదు. లాహోర్‌లో ఆమె పేరు మీద ఒక మక్బరా ఉంది, ఒక బజార్ ఉంది. 17వ శతాబ్దం మొదట్లో లాహోర్ వచ్చిన విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వ్యాపారి కూడా ఈ కథ రాసుకున్నాడు. అయితే ‘అక్బర్‌నామా’లో గానీ, జహంగీర్ స్వయంగా రాసుకున్న ‘తుజుక్’లో గానీ ఈ ముచ్చట లేదు. ఈ సంగతి తాజ్‌కి బాగా తెలుసు. ఇది చరిత్ర కాదని, జనం నోట నడిచిన కథేనని ఆయన తన పుస్తకం ముందుమాటలోనే ఒప్పుకున్నారు. ఈ కథను చరిత్ర అనుకుని వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, ఆయన నిజాయితీని గుర్తు పెట్టుకోవాలి.

నాటకంలో మూడు భాగాలు: ఇష్క్, రక్స్, మౌత్. ప్రేమ, నాట్యం, మరణం. సలీం ఇందులో యుద్ధాలు గెలిచిన వీరుడు కాదు. మహల్ గోడల మధ్య ఊపిరాడని పడుచువాడు. తండ్రి హిందుస్తాన్ మొత్తానికి షహన్‌షా. ఆ తండ్రికి కొడుకు మీద పెద్ద పెద్ద ఆశలు. కొడుక్కి మాత్రం తన మనసు తనకే పూర్తిగా తెలియని వయసు. ప్రేమించడం వచ్చుగానీ, ప్రేమించిన మనిషిని కాపాడుకోవడం ఇంకా రాదు. అది నేర్చుకునేలోపే అనార్కలీని గోడలో సజీవంగా సమాధి చేసేస్తారు. బాల్యం అక్కడితో ముగిసిపోతుంది. తండ్రికి కూడా గెలుపు దక్కదు. కొడుకు ప్రేమను పోగొట్టుకున్న బాప్‌గా మిగిలిపోతాడు. ఈ విషాదం సలీందా, అనార్కలీదా, అక్బర్‌దా అని ఉర్దూ విమర్శకులు ఇవాళ్టికీ తేల్చుకోలేదు.

మార్చడానికి ఒప్పుకోలేదు

ఆ కాలం పార్సీ థియేటర్‌ది. పాటలు, మధ్యలో హాస్యం, కళ్లు చెదిరే సీన్లు ఉంటేనే టికెట్లు అమ్ముడుపోయేవి. తాజ్ నాటకంలో మాటలు మెత్తగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టు నడుస్తాయి. కంపెనీల వాళ్లు మార్పులు అడిగారు. తాజ్ ఒప్పుకోలేదు. రాసిన రూపంలో దాన్ని ఆడించడానికి కంపెనీలు ముందుకు రాలేదు. చివరికి దాదాపు పదేళ్ల తర్వాత, 1930ల మొదట్లో అది పుస్తకంగా అచ్చయింది. స్టేజీ మీద ఆడాల్సిన నాటకాన్ని జనం ఇంట్లో కూర్చుని చదువుకున్నారు. చదువుకునే ఉర్దూ నాటకాల్లో దానికే మొదటి పేరు వచ్చింది.

సినిమా వాళ్లు అంతకంటే ముందే వచ్చారు. 1928లో చారు రాయ్, ప్రఫుల్ల రాయ్ కలిసి ఈ నాటకాన్ని మూకీ సినిమాగా తీశారు. తాజ్ అందులో స్వయంగా నటించారు. కానీ అదే ఏడాది బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ హడావుడిగా సులోచనతో మరో ‘అనార్కలీ’ తీసి ముందే రిలీజ్ చేసేశాడు. జనం అటే వెళ్లారు. తాజ్ నటించిన సినిమా వెనకబడిపోయింది.

హైదరాబాద్ అల్లుడు

తాజ్ జీవితంలో మన దక్కన్‌కి కూడా చోటుంది. ఆయన బేగం హిజాబ్ 1908లో హైదరాబాద్‌లో పుట్టారు. మద్రాసులో ఉంటూ కథలు రాసి పేరు తెచ్చుకున్నారు. 1930ల్లో నికాహ్ అయ్యాక లాహోర్ వెళ్లి, హిజాబ్ ఇమ్తియాజ్ అలీ అయ్యారు. అక్కడే విమానం నడపడం నేర్చుకుని 1936లో పైలట్ లైసెన్స్ తీసుకున్నారు. ఆ ఘనత సాధించిన తొలి ముస్లిం మహిళల్లో ఆమె ఒకరు. అమ్మ పత్రిక నడిపిన ఇంటికి కోడలు విమానం నడుపుతూ వచ్చింది.

తాజ్ మిగతా పని కూడా చిన్నది కాదు. ఇంగ్లీషు రచయిత జెరోమ్ కె. జెరోమ్ సృష్టించిన అంకుల్ పాడ్జర్‌ని తీసుకొచ్చి, అచ్చమైన మన మొహల్లా మనిషిగా మార్చి ‘చచా ఛక్కన్’ రాశారు. గోడకు ఒక ఫొటో తగిలించడానికి ఇల్లంతా తలకిందులు చేసే ఆ చచాను ఉర్దూ చదువుకున్న పిల్లలు మరిచిపోరు. నూర్‌జహాన్ నటించిన ‘ఖాన్‌దాన్’ సినిమాకి 1942లో కథ రాశారు. దేశ విభజన తర్వాత లాహోర్‌లోనే ఉండిపోయి, 1953లో ‘గుల్నార్’ డైరెక్ట్ చేశారు.

సలీం కథ అక్బర్ కథ అయింది

1940ల్లో కె. ఆసిఫ్ చేతికి ఈ కథ వచ్చింది. మొదట అక్బర్‌గా చంద్రమోహన్‌ని, అనార్కలీగా నర్గీస్‌ని పెట్టుకున్నాడు. విభజన వచ్చింది, డబ్బు పెట్టిన షిరాజ్ అలీ హకీం పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1949లో చంద్రమోహన్ చనిపోయాడు. తర్వాత షాపూర్‌జీ పల్లోంజీ డబ్బు పెట్టడంతో మళ్లీ కొత్తగా మొదలైంది. మొత్తం ఖర్చు కోటిన్నర దాకా అయిందని చెబుతారు. మామూలు సినిమా లక్షల్లో తయారయ్యే రోజులవి. 1960 ఆగస్టు 5న బొంబాయి మరాఠా మందిర్‌లో విడుదలైంది.

తాజ్ ఒప్పుకోని మార్పులన్నీ సినిమాలో జరిగాయి. సలీం పడుచువాడిగా కాకుండా, యుద్ధరంగం నుంచి తిరిగొచ్చిన సిపాయిగా కనిపిస్తాడు. తండ్రి మీద ఫౌజ్ తీసుకుని తిరగబడతాడు. కొడుకు కోసం అక్బర్ దువా చేయడంతో కథ మొదలవుతుంది. సినిమా పేరు కూడా తండ్రిదే. అనార్కలీ గోడలో చనిపోదు. ఆమె తల్లికి ఇచ్చిన మాట కోసం అక్బర్ ఆమెను రహస్యంగా సొరంగం దారిలో పంపించేస్తాడు.

అన్నిటికంటే పెద్ద తేడా శీష్ మహల్ దగ్గర కనిపిస్తుంది. తాజ్ నాటకంలో అసూయతో రగిలే దిలారామ్ వేసిన పన్నాగం వల్ల, అనార్కలీ మైమరచి సలీం వైపు చేసిన సైగలు అద్దంలో అక్బర్ కంట పడతాయి. దాచుకున్న గుట్టును అద్దం బయట పెట్టేస్తుంది. ఆసిఫ్ సినిమాలో అనార్కలీ ఏమీ దాచదు. ప్రేమించాక భయమెందుకని షహన్‌షా ముందే పాడుతుంది. వేల అద్దాల్లో ఆమె రూపమే కనిపిస్తుంది. నాటకంలో అద్దం జాసూసు, సినిమాలో అదే అద్దం గవాహీ. రెండూ గొప్పవే. కానీ మొదట శీష్ మహల్‌లో ఆ అద్దాలు పెట్టిన చెయ్యి తాజ్‌ది.

అప్పటికే ఈ కథ మన తెలుగు ఇళ్లకి కూడా వచ్చేసింది. 1955లో వేదాంతం రాఘవయ్య తీసిన ‘అనార్కలి’లో అక్కినేని సలీం, అంజలీదేవి అనార్కలి, ఎస్వీ రంగారావు అక్బర్. 1970ల చివర్లో ఎన్టీఆర్ స్వయంగా అక్బర్ వేషం వేసి ‘అక్బర్ సలీం అనార్కలి’ తీశారు.

చివరి రాత్రి

చివరి ఏళ్లలో తాజ్ లాహోర్‌లోని మజ్లిసె తరక్కీయె అదబ్ బాధ్యతలు చూశారు. చెదలు పట్టిపోతున్న పాత ఉర్దూ నాటకాలను వెతికి, సరిచేసి అచ్చు వేయించారు. తన నాటకం స్టేజీ ఎక్కకపోయినా, వేరేవాళ్ల నాటకాలు పోకుండా కాపాడారు.

1970 ఏప్రిల్‌లో ఒక రాత్రి నిద్రలో ఉండగా గుర్తుతెలియని వాళ్లు ఇంట్లో చొరబడి ఆయన్ని పొడిచారు. అడ్డుపడిన హిజాబ్ బేగంకీ గాయాలయ్యాయి. తాజ్ బతకలేదు. వయసు 69. మరుసటి ఏడాది మార్చిలో కె. ఆసిఫ్ కూడా వెళ్లిపోయాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

‘మొఘల్-ఎ-ఆజమ్’ లాహోర్ సినిమా హాళ్లలో విడుదలైంది 2006లో. అనార్కలీ మక్బరా ఉన్న ఊరు, ఆ కథ రాసిన కలం పుట్టిన ఊరు ఆ సినిమా కోసం 46 ఏళ్లు ఆగింది. అప్పటికి తాజ్ లేరు, ఆసిఫ్ లేడు, హిజాబ్ కూడా లేరు. ఈసారి టీవీలో శీష్ మహల్ పాట వచ్చినప్పుడు, ఇంట్లో పిల్లలకి మధుబాల పేరుతో పాటు ఇమ్తియాజ్ అలీ తాజ్ పేరు కూడా చెబితే ఆ పాత బాకీ కొంతైనా తీరుతుంది.