పాటగాడు విక్టర్ హారా

మన సంచికల్లో కొమురం భీము గురించి, బిర్సా ముండా గురించి చాలాసార్లు రాసుకున్నాం. ఈసారి దూరంగా, దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి వెళ్దాం. అక్కడ 1964 నుంచి 1973 వరకు భూమి చట్టాలూ జనం పాటలూ జంటగా నడిచాయి. ఆ పాటగాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు విక్టర్ హారా.

ఆయన 1932లో రైతుకూలీల ఇంట పుట్టారు. పిల్లలు చిన్నప్పుడే పొలం పనికి రావాలనేవాడు తండ్రి. తల్లి అమండా పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో పాటలు పాడేది. పిల్లలకు చదువు కావాలని పట్టుబట్టింది ఆమే. రాజధాని శాంటియాగో చేరి, మార్కెట్లో తిండి అమ్మి వారిని సాకింది. ఇలాంటి తల్లుల్ని మేము ఏటా జూన్‌లో చూస్తాము, బిడ్డ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టల్ మెట్లెక్కుతూ. విక్టర్‌కు పదిహేనేళ్లప్పుడే అమండా చనిపోయింది.

ఆయన విశ్వవిద్యాలయంలో నాటకం నేర్చుకుని దర్శకుడయ్యారు. అప్పటికే వియొలెటా పర్రా అనే గాయని ఊరూరా తిరిగి పెద్దవాళ్ల దగ్గర పాత పాటలు సేకరిస్తోంది. ఆమె ప్రోత్సాహంతో విక్టర్ పాటవైపు వచ్చారు. ఆండీస్ కొండల ఆదివాసుల చరాంగో, కేనా అనే వేణువు పట్టణపు వేదికలెక్కాయి. జనం దాన్ని కొత్త పాట అన్నారు.

1967లో ఫ్రెయ్ ప్రభుత్వం భూసంస్కరణ చట్టం తెచ్చింది. నీటి వసతి ఉన్న భూమి 80 హెక్టార్లు దాటితే ప్రభుత్వం తీసుకోవచ్చు. పల్లె కూలీలు సంఘం పెట్టుకునే వీలు కలిగింది. 1970 సవరణతో చదువురానివారికీ, 18 ఏళ్లు నిండినవారికీ ఓటు వచ్చింది. (మన ఏజెన్సీకి 1/70 చట్టం వచ్చిందీ ఆ ఏడే.) అదే సంవత్సరం అయెండే అధ్యక్షుడయ్యారు. 1972లో మపూచే ఆదివాసుల భూముల కోసం చట్టం చేశారు.

అంతా సాఫీగా జరగలేదు. 1969 మార్చిలో ప్యూర్టో మాంట్‌లో ఖాళీ స్థలంలో గుడిసెలు వేసుకున్న పేదలపై పోలీసులు కాల్పులు జరిపారు. విక్టర్ తన పాటలో మంత్రినే పేరుపెట్టి నిలదీశారు. మాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టం ఏంజెలీటా వెనుమాన్ పాట. ఆమె నాయకురాలు కాదు, దుప్పట్లు నేసే మపూచే స్త్రీ. చట్టం ఆదివాసులు అని గుంపుగా రాస్తుంది. ఆ పాటలో ఒక మనిషి పేరుంది, ఆమె చేతిపని ఉంది.

1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారం లాక్కుంది. విక్టర్‌ను మరెందరితోనో కలిపి ఒక స్టేడియంలో నిర్బంధించి, కొట్టి, కొద్ది రోజులకే చంపారు. ఒంట్లో నలభైకి పైగా తూటాలు. భార్య జోన్ ఇద్దరు ముగ్గురి తోడుతో గుట్టుగా పూడ్చిపెట్టింది. పంచిన భూముల్లో చాలావాటిని కొత్త పాలకులు వెనక్కి లాగేశారు. చరాంగో, కేనా చేతిలో కనబడితేనే అనుమానం. కొందరు యువకులు ఉపాయంగా ఆ వాయిద్యాల మీదే యూరప్ శాస్త్రీయ సంగీతం వాయించి వాటిని బతికించారు.

జోన్ ఆయన పాటల టేపులను దేశం దాటించింది. 2003లో ఆ స్టేడియానికి విక్టర్ పేరు పెట్టారు. 2009లో వేలమంది వెంట నడవగా మళ్లీ అంత్యక్రియలు జరిగాయి. హంతకులైన మాజీ సైనికాధికారుల శిక్షలను సుప్రీంకోర్టు ఖాయం చేసింది 2023 ఆగస్టులో, అంటే యాభై ఏళ్లకు. ఆ నవంబరులో జోన్ కన్నుమూసింది.