కలియుగ భీముడి కథలో జనం చెప్పని కాలు

ఉరవకొండ: బలశాలి అనగానే మన పల్లెల్లో భీముడి తర్వాత వినవచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించి, విజయనగరంలో వ్యాయామం నేర్పి, సర్కస్ నెలకొల్పి దేశమంతా తిరిగారు. రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు. రొమ్ముపై పలక వేయించుకుని ఏనుగును ఎక్కించుకునేవారు. ఇది కనికట్టా? పలక వల్ల బరువు ఒక్కచోట పడదు, నిజమే. అయినా ఊపిరి వదిలితే పక్కటెముకలు మిగలవు. ఉపాయమూ ఉంది, బలమూ ఉంది.

దారాసింగ్, కింగ్‌కాంగ్ కుస్తీలు నిజమా, ముందే కుదుర్చుకున్నవా అని తర్వాతి తరం వాదులాడుకుంది. రామమూర్తి విషయంలో అభిమానులకు ఆ పేచీ లేదు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి మెప్పు పొందారంటారు. స్పెయిన్‌లో ఆంబోతును కొమ్ములు పట్టి పడేశారంటారు. విషం పెడితే అరిగించుకున్నారంటారు. చెప్పేకొద్దీ ఆ ఆంబోతు బలిసిందే గాని చిక్కలేదు.

చివరి రోజుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కాలికి రాచపుండు లేచింది. వైద్యులు ఆ కాలు తీసివేశారు. ఏనుగును మోసిన ఆ మనిషి 1942 జనవరి 16న ఒడిశాలోని బలంగీర్‌లో ఒంటికాలితో కన్నుమూశారు.