డాక్టర్ కాదు.. కానీ వైద్యంలో నోబెల్!

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వాచి, వేడెక్కుతుంది కదా! ఈ ఇన్‌ఫ్లమేషన్ ఉత్త జబ్బు కాదు, మన ఒంట్లోని కణాలు చేసే పోరాటం అని చూపించింది ఇల్యా మెచ్నికోవ్. ఆయన డాక్టరేం కాదు. చదివింది జువాలజీ.

1845లో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో పుట్టారు. నాలుగేళ్ల డిగ్రీని రెండేళ్లలో లాగించేసి, చిన్న వయసులోనే ఒడెస్సాలో ప్రొఫెసర్ అయ్యారు. ఇక్కడిదాకా రెజ్యూమె అదుర్స్. ఆ తర్వాతే కష్టాలు మొదలయ్యాయి. 1873లో మొదటి భార్య టీబీతో చనిపోయారు. యూనివర్సిటీలో రాజకీయాలు ముదిరాయి. 1882లో రాజీనామా చేసేశారు. అప్పటికి వయసు 37. రెండో భార్య ఓల్గా కుటుంబానికి ఆస్తి ఉంది కాబట్టి ఇల్లు గడిచింది. ఈ ముక్క దాచిపెట్టి, జాబ్ వదిలేశారహో అని పొగడటం నాకైతే నచ్చదు.

అదే ఏడాది ఇటలీలోని మెస్సీనాలో మకాం. ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కి వెళ్లిన రోజు ఆయన మైక్రోస్కోప్ దగ్గరే ఉండిపోయారు. గాజులా పారదర్శకంగా ఉండే స్టార్‌ఫిష్ లార్వా లోపల కణాలు కదులుతున్నాయి. ఇవి ఒంటికి కాపలా కాస్తున్నాయేమో అన్న డౌట్ వచ్చింది. లార్వాలో చిన్న ముల్లు గుచ్చి చూశారు. తెల్లారేసరికి కణాలన్నీ ముల్లు చుట్టూ మూగాయి. ఇలా చొరబడ్డవాటిని మింగేసే కణాలకే ఫాగోసైట్లు అని పేరొచ్చింది.

చాలామంది ఒప్పుకోలేదు. రోగనిరోధక శక్తి అంతా రక్తంలోని ద్రవంలోనే ఉందన్నది వాళ్ల వాదన. 1886లో ఒడెస్సాలో బ్యాక్టీరియా పరిశోధన కేంద్రం నడిపితే, మెడికల్ డిగ్రీ లేదని స్థానిక డాక్టర్లు పడనివ్వలేదు. 1888లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లిపోయారు. 1908లో నోబెల్‌ని అవతలి శిబిరంలోని పాల్ ఎర్లిక్‌తో కలిపి ఇచ్చారు. చివరికి ఇద్దరిదీ కరెక్టేనని తేలింది.

పెద్దయ్యాక ఆయన దృష్టి పేగుల మీద పడింది. అక్కడి చెడ్డ బ్యాక్టీరియా విషాల వల్లే ముసలితనం వస్తుందని నమ్మి, రోజూ పులిసిన పాలు తాగేవారు. ఆ పాలలోని బ్యాక్టీరియా మన పేగుల్లో స్థిరపడదని తర్వాత తెలిసింది. 1916లో 71 ఏళ్లకు పారిస్‌లో కన్నుమూశారు.

మంచి బ్యాక్టీరియాను మింగి ఒంట్లో పని చేయించుకోవచ్చన్న ఐడియా మాత్రం బతికింది. 2000లో బెల్జియం శాస్త్రవేత్తలు చీజ్‌లో వాడే లాక్టోకాకస్ లాక్టిస్‌లో ఐఎల్-10 జీన్ పెట్టారు. వాపును తగ్గించే ఈ ప్రొటీన్‌ను ఆ బ్యాక్టీరియా పేగులోనే తయారుచేస్తుంది. ఎలుకల్లో పేగువాపు సగానికి తగ్గింది. మనుషులకు ఇచ్చేముందు, థైమిడిన్ దొరక్కపోతే చచ్చిపోయేలా దాన్ని మార్చారు, బయట పడితే బతక్కూడదని. 2006లో 10 మంది క్రోన్స్ రోగులపై తొలి పరీక్ష ఫలితాలు వచ్చాయి. తర్వాతి పెద్ద ట్రయల్ ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. పని ఆగలేదు. ఇలాంటి ల్యాబ్‌ల్లో ఇప్పుడు మైక్రోబయాలజీ వాళ్ల పక్కనే కెమికల్ ఇంజినీర్లు, కోడ్ రాసేవాళ్లు కూర్చుంటున్నారు.