హాజీ మొహసిన్ వక్ఫ్ చేశారు, ఆ డబ్బు ఎవరి చదువుకు పోయింది?

కలకత్తాకు ఎగువన ఉన్న హుగ్లీలో 1732లో పుట్టారు హాజీ ముహమ్మద్ మొహసిన్. తండ్రి హాజీ ఫైజుల్లా వ్యాపారి. అయితే పెద్ద ఆస్తి మాత్రం ఆయనది కాదు. తల్లి జైనబ్ ఖానమ్ మొదటి భర్త ఆగా ముతహర్ సంపాదించిన జాయిదాద్ అది. కూతురు మన్నూజాన్‌కు దక్కింది. ఒకే తల్లి బిడ్డలైన ఆ అక్కాతమ్ముళ్లకు ఒకరంటే ఒకరికి ప్రాణం.

మొహసిన్‌కు ఆస్తిపాస్తుల మీద మోజు ఉండేది కాదు. ఇల్లు వదిలి హజ్ చేశారు, ఇరాన్, ఇరాక్, అరబ్ దేశాలు ఏళ్ల తరబడి తిరిగారు. పెళ్లి చేసుకోలేదు. దస్తూరి అందంగా ఉండేది, ఖురాన్ ప్రతులు స్వయంగా రాసేవారు.

మన్నూజాన్ భర్త పోయారు, పిల్లలు లేరు. 1803లో ఆమె కూడా ఇంతికాల్ అయ్యాక ఆస్తి మొత్తం తమ్ముడి చేతికొచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. మూడేళ్లకే, 1806లో, అంతా వక్ఫ్ చేసేశారు. వక్ఫ్‌నామాలో లెక్క పక్కాగా రాయించారు. ఆదాయం 9 వాటాలు. అందులో 3 ఇమాంబాడా, మొహర్రం, ఫాతెహా ఖర్చులకు. 4 జీతాలకు, పింఛన్లకు, సాయాలకు. మిగతా 2 ఇద్దరు ముతవల్లీలకు. 1812లో కన్నుమూశారు.

ఆ తర్వాత జరిగింది మనకు తెలియని కథేం కాదు. ముతవల్లీలు వక్ఫ్ సొమ్మును పాడు చేశారు. సర్కారు వాళ్లను తీసేసి, ఆస్తి అజమాయిషీ తన చేతుల్లోకి తీసుకుంది. వ్యాజ్యాలు ఏళ్లకేళ్లు నడిచాయి. ఆలోగా రాబడి పేరుకుపోయి లక్షలైంది. ఆ డబ్బుతోనే 1836 ఆగస్టు 1న హుగ్లీలో కాలేజీ తెరిచారు.

కాలేజీ మంచిదే. బంకించంద్ర చటర్జీ అక్కడే చదివారు. కానీ ముస్లిం పిల్లలు? 1871లో తన పుస్తకంలో డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్ అనే ఇంగ్లీషు అధికారే రాశాడు, ఆ కాలేజీలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరని. ముస్లిం వక్ఫ్ డబ్బు, ముస్లింలు లేని తరగతులు. తప్పు హిందూ పిల్లలది కాదు, వాళ్లు చదువుకోవడానికొచ్చారు, చదువుకున్నారు. వక్ఫ్‌నామాను పక్కన పెట్టింది సర్కారు. ఇంగ్లీషు చదువంటే మనవాళ్లకున్న బెరుకు కూడా కొంత కారణం, అది ఒప్పుకోవాలి.

నవాబ్ అబ్దుల్ లతీఫ్ లాంటి పెద్దలు ఈ విషయం మీద ఏళ్ల తరబడి సర్కారు తలుపు తట్టారు. చివరికి 1873లో సర్కారు దిగొచ్చింది. కాలేజీ ఖర్చు తానే భరిస్తానని, మొహసిన్ ఫండ్ ముస్లింల చదువుకే ఇస్తానని ఒప్పుకుంది. ఆ డబ్బుతో ఢాకా, చిట్టగాంగ్, రాజ్‌షాహీల్లో మదర్సాలు వచ్చాయి. ఇంగ్లీషు స్కూళ్లలో ముస్లిం పిల్లల ఫీజులో మూడింట రెండు వంతులు ఫండే కట్టేది. మిగతా ఒక వంతు కట్టగలిగితే చాలు, పేదింటి పిల్లాడు కూడా బడికెళ్లొచ్చు.

ఆ మార్పుకు ముందే హుగ్లీ కాలేజీలో చదివి బయటికొచ్చిన కొద్దిమంది ముస్లింలలో సయ్యద్ అమీర్ అలీ ఒకరు. కలకత్తా హైకోర్టు జడ్జి అయ్యారు, 1909లో లండన్ ప్రివీ కౌన్సిల్ న్యాయ కమిటీలో కూర్చున్న తొలి భారతీయుడయ్యారు. హుగ్లీ ఇమాంబాడా కమిటీకి చాలా ఏళ్లు అధ్యక్షుడిగా కూడా ఉన్నారు.

కాలేజీ ఇప్పటికీ హుగ్లీ మొహసిన్ కాలేజీ పేరుతోనే నడుస్తోంది. ఢాకా యూనివర్సిటీలో ఒక హాస్టల్‌కు కూడా ఆయన పేరే.